రెండు చప్పట్లు

మా అమ్మ పోయేముందు నాకు అప్పజెప్పిన ఆఖరి పని చాలా చిన్నది. "ట్రంకు అడుగున మీ అప్ప పుస్తకం ఉండాది. దాన్ని రత్నానికియ్యి. మర్చిపోవద్దు," అన్నది. అమ్మకు చదువు రాదు. ఆ పుస్తకంలో ఏముందో ఆమెకేం తెలుసులే, చదువుకున్నవాణ్ణి నాకు తెలుస్తుంది గదా అనుకున్నాను. కర్మలన్నీ అయిన మరునాడు ట్రంకు తెరిచాను. కలరా ఉండల వాసన, రెండు చీరలు, మా అప్ప తోలు బెల్టు, గనిలో పెట్టుకునే గట్టి టోపీ, వాటన్నిటి కింద గోనెపట్టాలో చుట్టిన పొడుగాటి పుస్తకం. మా తట్టు నాయనను అప్ప అంటాం. మా అప్ప గనిలో కొయ్య మేస్త్రీ. రాయి నెత్తిన పడకుండా సొరంగం పైకప్పుకు కొయ్య దిమ్మెలు నిలబెట్టించడం ఆయన పని. కంపెనీ ఇచ్చిన ఆ పుస్తకంలో ముందునుంచి పని సంగతులు రాసుకునేవాడు, వెనకనుంచి ఫుట్‌బాల్ సంగతులు. రెండు రాతలూ మధ్యలో ఎక్కడో కలుసుకోవాల్సింది. కలుసుకునేలోపల గనీ మూతబడింది, రాసే చెయ్యీ ఆగింది. ముందు పుటలు చెమ్మ తాగి, నల్లబడి, ఒకదానికొకటి అంటుకుని ఉబ్బి ఉన్నాయి. వెనక పుటలు మాత్రం నిన్న రాసినట్టున్నాయి. నేను నేల మీదే కూర్చుని మధ్యాహ్నం దాకా వెనకనుంచి చదివాను. చాలాసార్లు నవ్వాను. ఒక పుట దగ్గర ఆగిపోయాను. ఆ పుటలో ఏముందో చెప్పేముందు మా అప్ప నీళ్ళు పోసుకోవడం గురించి చెప్పాలి.

బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో కంపెనీ వరసగా కట్టించిన మా లైను ఇళ్ళు తడికెల గోడలకు మట్టి మెత్తి, పైన రేకులు పరిచినవి. వాన పడితే ఇంట్లో మాట వినపడేది కాదు; ఎండ పడితే మనిషి కనపడేవాడు కాదు, అందరూ బయటే ఉండేవాళ్ళు. షిఫ్టు కూత కూసిన అరగంటకు మా అప్ప పెరటి దోవన వచ్చేవాడు. ముందు దోవన రావడం నేను ఎన్నడూ చూడలేదు. బట్టల్లో రాయి పేల్చే మందుపొగ వాసన, తడిరాయి వాసన, కింద ఎక్కడో ఆగిపోయిన గాలి వాసన. అమ్మ ఆ బట్టలను వేరే తొట్టిలో వేసేది, మా బట్టలతో కలవనిచ్చేది కాదు. నీళ్ళ హండా అప్పటికే మరుగుతూ ఉండేది. నాలుగు చెంబులు పోసుకునే దాకా ఆయన నోట మాట రాదు, మేమూ అడగకూడదు. ఎర్రసబ్బు వాసనతో, నుదుట విభూతితో లోపలికి వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని, "ఇంగ చెప్పండి," అనేవాడు. అప్పటికి మా అప్ప భూమి పైకి వచ్చినట్టు లెక్క. అప్పుడే రాగిముద్దలు దిగేవి.

ఎప్పుడన్నా కింద రాయి పగిలేది. మా దగ్గర దాన్ని ఏర్‌బ్లాస్ట్ అంటారు. ఇంట్లో మాకు తెలిసేది ఒక్కటే, అరల మీద గిన్నెలు గణగణమనేవి. అమ్మ లేచి రెండు చేతులూ చాపి గిన్నెలను పట్టుకునేది. గిన్నెలు ఆగితే కింద రాయి కూడా ఆగుతుందని అమ్మ అనుకుంటోందని చిన్నప్పుడు నా నమ్మకం. తరువాత లైన్లలోని ఆడవాళ్ళందరూ మాటా పలుకూ లేకుండా గని మూతి తట్టుకు నడిచేవాళ్ళు. ఎవరి ఇంటివాడు పోతే వాళ్ళ ఇంట ఏడుపు మూడు రోజులు. నాలుగో రోజునుంచి ఎంక్వైరీ.

ఆ మాటకు మా లైన్లలో ఉన్నంత బరువు ఇంకే ఊళ్ళోనూ ఉండదనుకుంటాను. కంపెనీ దొరల ముందు ఒక్కొక్కరినీ నిలబెట్టి, నువ్వు ఎక్కడ నిలబడినావు, ఏమి విన్నావు, ఏమి చూసినావు అని అడిగేవాళ్ళు. చివర ఇంగ్లీషులో ఒక కాగితం వచ్చేది. ఆ కాగితం చివర రెండు మాటలు ఉన్నాయా లేవా అన్నదే ఆ ఇంటివాళ్ళ బతుకు. ఓన్ నెగ్లిజన్స్. అంటే చచ్చినవాడి తప్పువల్లే చచ్చాడని. ఆ రెండు మాటలు ఉంటే కొడుక్కు గనిలో ఉద్యోగం లేదు, కంపెనీ ఇల్లు ఖాళీ చెయ్యాలి. వేలిముద్ర వేసే ముసలమ్మలకు కూడా ఆ రెండు ఇంగ్లీషు మాటలు మా కాలేజీ లెక్చరర్లకన్నా బాగా పలకడం వచ్చు.

రత్నం, అంటే మునిరత్నం, వాళ్ళ నాయన కాగితంలో ఆ రెండు మాటలు వచ్చాయి. ఆయన మా అప్ప మేస్త్రీగా ఉన్న చోటే రాయి కింద పోయాడు. కొయ్యలు నిలబెట్టకముందే, వద్దన్నా వినకుండా లోపలికి పోయినాడని ఎంక్వైరీలో సాక్ష్యం చెప్పింది మా అప్పే. రత్నం అప్పుడు నాతోబాటు ఏడో తరగతి. వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి పక్క గని కోరమండల్ దగ్గర ఒక గుడిసెకు పోయారు. ఆ తరువాతనే మా అప్ప వాణ్ణి ఇంటికి పిలవడం మొదలుపెట్టాడు. వారానికి నాలుగు పూటలు మా ఇంట్లోనే తినేవాడు. బంతిలో మొదటి ముద్ద వాడికి, రెండోది నాకు. ఇంట్లో బంతి అట్లా ఉంటే, మైదానంలో బంతి సంగతి చెప్పేదేముంది, అక్కడా మొదలు వాడికే. మా అప్పకు వాడి మీద ప్రేమ అనుకున్నాను. అసూయపడే వయసులో మనిషికి తోచే కారణం అదొక్కటే.

మా కాలేజీకి ఫుట్‌బాల్ టీము ఉండేది, కోచ్ ఉండేవాడు కాదు. ఒకప్పుడు గని టీముకు ఆడిన మా అప్ప, షిఫ్టు లేని సాయంత్రాలు వచ్చి ఊరికే నేర్పించేవాడు. మైదానానికి పడమట సైనైడ్ దిబ్బలు. బంగారం తీసుకుని వదిలేసిన పొడి అది, బూడిద రంగు కొండలుగా పడి ఉంటుంది. గాలి లేస్తే ఆ పొడి వచ్చి కళ్ళల్లో, నోట్లో, టీలో, గోల్‌కీపర్ ధైర్యంలో పడేది. మాకు గోలు తక్కువ, గోల ఎక్కువ. నేను సెంటర్ హాఫ్. నా ఆట చూసినవాళ్ళకు ఆ పేరులో సగమే నిజమని తెలుసు. రత్నం లెఫ్ట్ అవుట్, ఎడమ గీత పక్కన ఆడేవాడు. వాడు పరిగెత్తితే వాణ్ణి కాచుకోవాల్సిన మనిషి కూడా పరిగెత్తక తప్పేది కాదు. ఆ ఒక్క సంగతి మీదనే మా అప్ప ఒక ఆట కట్టాడు.

గనిలోకి మనుషులను దింపే పెట్టెను కేజ్ అంటారు. ఒకే ఇంజనుకు రెండు కేజులు. ఒకటి దిగితే రెండోది ఎక్కుతుంది. పైన ఉన్నవాడు రెండు గంటలు కొడితేనే కదలాలి. మా అప్ప కట్టిన ఆట అదే. నేను మధ్యలో బంతిని కాలి కింద ఆపి రెండు చప్పట్లు కొట్టాలి. ఆ చప్పట్లకు రత్నం గీత వదిలి లోపలికి పరిగెత్తుతాడు. వాణ్ణి కాచేవాడు వెంటపడతాడు. గీత పక్కన ఖాళీ పడుతుంది. వెనకనుంచి మా లెఫ్ట్ బ్యాక్ సెల్వరాజ్ ఆ ఖాళీలోకి దూసుకొస్తాడు. నేను బంతిని అక్కడికి తోస్తాను. ఒక కేజ్ దిగింది, ఒకటి ఎక్కింది. చప్పట్లు ఎదుటివాళ్ళకు వినపడవా అని ఒకడు అడిగాడు. "వినపడనీరా. మనల్ని మనమే మెచ్చుకుంటా ఉండామని అనుకుంటారు," అన్నాడు మా అప్ప. నిజంగానే అట్లా అనుకున్నారు. ఆ ఏడు ఆ ఆటతోనే చాలా గోల్స్ వేశాం.

మ్యాచ్ అయిన మరునాడు పొద్దున మా ఇంటి అరుగు మీద ఎంక్వైరీ. మా అప్పకు ఓడినా గెలిచినా తేడా లేదు, తప్పిపోయిన ఆట ఒక్కటి ఉంటే చాలు. అరుగు మీద బొగ్గుతో మైదానం గీసేవాడు. మా టీము చింతపిక్కలు, ఎదుటి టీము అనపగింజలు, బంతి ఒక మిరియం. అన్నీ అమ్మ డబ్బాలలోనివే. ఎంక్వైరీ అయిపోయాక అమ్మ వచ్చి అనపగింజలను కొంగులో వేసుకుని పోయి పులుసు పెట్టేది. అట్లా ఆదివారం ఆదివారం మేము ఎదుటి టీమును రాగిముద్దతో నంజుకుని తినేవాళ్ళం. పదకొండు మందీ ఒక్కొక్కరుగా వచ్చి తన పిక్కను తాను నిలబడిన చోట పెట్టాలి. ఆడిపోసుకోకూడదు, ఊహించి చెప్పకూడదు. "బంతి పోయిన చోట వెతకొద్దురా," అనేవాడు మా అప్ప. "అది పోయే ముందు ఎవడు యాడ నిలబడినాడో అది చూడండి. తప్పు ఎప్పుడూ మూడడుగులు ఎనకాల ఉంటాది." ఇప్పుడు టీవీల్లో అదే పని చేస్తున్నారు. ఆటను ఆపి, వెనక్కి తిప్పి, ఎర్రబాణాలు గీసి, ఫలానావాడు ఫలానా చోట ఉండాల్సింది అని చెప్తారు. చూస్తూ కూర్చుంటే నాకు ఆ బాణాల కన్నా ఒక విషయం ఎక్కువ కనపడుతుంది: ఆ రోజు మా మైదానంలో ఒక్క కెమెరా కూడా లేదు.

ఆ రోజంటే బెంగుళూరు నుంచి వచ్చిన కాలేజీతో మ్యాచ్. మా ఊరి పక్కన ఉన్న ఫ్యాక్టరీ నుంచి స్పోర్ట్స్ ఆఫీసరు కుర్చీ వేయించుకుని, గొడుగు పట్టించుకుని కూర్చున్నాడు. ఆ ఏడు మా కాలేజీ నుంచి ఒక్కణ్ణి ఉద్యోగంలోకి తీసుకుంటారు. పేరు రాసిచ్చేది మా అప్ప. ఆ పేరు ఎవరిదో అందరికీ తెలుసు. గనిలో దోవ మూసుకుపోయిన రత్నానికి ఆ దేశంలో మిగిలిన తలుపు అదొక్కటే. వాళ్ళమ్మ ముందురోజు మా ఇంటికి వచ్చి మా అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, ఏమీ అడగకుండా, చింతపండు గింజలు తీసి ఇచ్చి పోయింది.

చెరొక గోలు. ఇంకా కొద్ది నిమిషాలు. దిబ్బల మీదనుంచి గాలి లేచింది. బంతి నా దగ్గరికి వచ్చింది, కాలి కింద ఆపాను. రత్నం గీత పక్కన నా తట్టే తిరిగి నిలబడి ఉన్నాడు. అంతా తెరిచిన తలుపులా కనపడింది. వాడు పరిగెత్తుతాడు, సెల్వ వస్తాడు, గోలు పడుతుంది, గొడుగు కిందివాడు లేచి నిలబడతాడు, రాత్రి మొదటి ముద్ద ఎవరికి పడుతుందో అది కూడా కనపడింది. మర్చిపోయానని నా భార్యకు చెప్పాను ఒకసారి. పొడి కంట్లో పడిందని ఒక స్నేహితునికి చెప్పాను. కాగితం మీద అబద్ధం రాయడానికి నా దగ్గర ఇంక అంత వయసు లేదు. నా చేతులు నడుము మీద ఉన్నాయి. వాటిని అక్కడే ఉంచాను.

కాలు బంతి మీద పెట్టడం చూసి అలవాటు కొద్దీ సెల్వ పరిగెత్తాడు. రత్నం కదల్లేదు, చప్పట్లు లేవు గదా. వాణ్ణి కాచేవాడూ కదల్లేదు. నేను బంతిని అక్కడికే తోశాను. ఒకే దోవలో రెండు కేజులు. ఆ కాచేవాడు బంతిని తీసుకున్నాడు, సెల్వ వదిలిపెట్టి వచ్చిన ఖాళీలోంచి పోయారు, గోలు వేశారు. చూసేవాళ్ళకు కనపడింది ఒక్కటే: కాళ్ళ ముందరికి బంతి వస్తుంటే మునిరత్నం స్తంభంలా నిలబడినాడు. జనం వాణ్ణి ఏమేమి తిట్టారో రాయను. వాళ్ళ నాయన పేరు కూడా అందులో వచ్చింది.

మరునాడు అరుగు మీద పిక్కలు పెట్టాం. మా అప్ప నీళ్ళు పోసుకుని, విభూతి పెట్టుకుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"సెల్వా, నువ్వు ఎందుకు పోతివి?"

"సీనా కాలు బాల్ మీద పెట్టినాడు మేస్త్రీ. పెట్టినాడంటే క్లాప్ వస్తాది గదా అని పోతిని. సత్తియమా సొల్రేన్, క్లాప్ ఎనక్కు కేక్కలే." సెల్వ భయపడితే అరవంలోకి పోయేవాడు. నిజంగా చెప్తున్నా, నాకు చప్పట్లు వినపడలేదని.

"వినపడలేదా, కొట్టలేదా?"

"గాలి, గోల... ఎట్ల చెప్పేది మేస్త్రీ."

"రత్నం, నువ్వు చెప్పు."

"వీడు కొట్టలేదు మేస్త్రీ."

"నీకు వినపడలేదని చెప్పు. కొట్టలేదని ఎట్ల చెప్తావు?"

"నేను వినేదే లేదు మేస్త్రీ, చూస్తాను. ఆ గోలలో వినేదెవరు? ఎప్పుడూ వీని చేతులే చూస్తాను. చేతులు నడుము మీద ఉండె."

మా అప్ప నా తట్టు తిరిగాడు. "సీనా. కొట్టినావా?"

"కొట్టినాను."

"ఎన్ని?"

"రెండు."

"ఇంగెవరికన్నా వినపడిందా?"

రెండు చేతులు లేచాయి. ఒకటి మైదానం అవతలి కొసన ఆడే రైట్ అవుట్‌ది, రెండోది ఆ రోజు కాలు బెణికి బయట చెట్టుకింద పడుకున్నవాడిది. మేస్త్రీ కొడుకు చప్పట్లు అంత దూరం వినపడతాయి.

మా అప్ప పుస్తకంలో చాలాసేపు రాసుకున్నాడు. తలెత్తకుండా, "సిగ్నలు వచ్చినాది. చూసేదానికి సిగ్నలు ఎందుకు, చెవులు యాడ పెట్టుకున్నాడు? ఓన్ నెగ్లిజన్స్," అన్నాడు. అని, గీత పక్కనున్న చింతపిక్కను గోటితో మీటాడు. అది అరుగు దాటి కింద మట్టిలో పడింది. ఆ మాట వాడి ముందు అనకూడదని అక్కడున్న పదిమందికీ తెలుసు. రత్నం కిందికి దిగి, వెతికి, పిక్కను అంగీకి తుడిచి, గడపలో నిలబడిన మా అమ్మ చేతిలో పెట్టాడు. "అమ్మా, మీ డబ్బాలోది," అన్నాడు. ఆ రోజు పులుసు తినకుండా పోయాడు. మళ్ళీ మా బంతిలో కూర్చోలేదు.

అందరూ వెళ్ళాక అమ్మ ఒక్క మాట అన్నది. "వాళ్ళ నాయన మీదా నువ్వే తప్పు వేస్తివి. వీని మీదా నువ్వేనా?" మా అప్ప పెరట్లోకి పోయి రెండోసారి నీళ్ళు పోసుకున్నాడు. ఒక పూట రెండుసార్లు పోసుకోవడం అదొక్కసారే చూశాను. ఫ్యాక్టరీకి పోయిన కాగితంలో ఉన్న పేరు నాది. ఫుట్‌బాల్ ఆడతానని ఉద్యోగంలో చేరి, ఫ్యాక్టరీ టీములో మూడేళ్ళు బెంచీ మీద అద్భుతంగా ఆడాను. తరువాత స్టోర్సులో కుదురుకుని, పిల్లల పెళ్ళిళ్ళు చేసి, రిటైరై, వేమగల్‌లో ఇల్లు కట్టుకున్నాను. రత్నం గని మిల్లులో కాంట్రాక్టు కూలీగా రాళ్ళు మోశాడు. గని మూశాక చాలామందిలాగే తెల్లవారే రైలెక్కి బెంగుళూరు పోయి, ఒక అపార్టుమెంటు గేటు దగ్గర నిలబడి, సాయంత్రం రైలుకు తిరిగొచ్చాడు. ఏళ్ళ తరబడి. గీత పక్కన నిలబడే ఉద్యోగమే వాడికి మళ్ళీ దొరికింది.

ఇప్పుడు ఆ పుట సంగతి. పుట నిండా గుండ్రాలు, బాణాలు, పదకొండు పేర్లు. మా అప్ప అక్షరాలు రాగిగింజల్లా గుండ్రంగా ఉంటాయి. నా పేరు పక్కన ఇట్లా ఉంది: సీన, కాలు బంతి మీద, చేతులు నడుము మీద. దాని కింద ఒక గీత. గీత కింద: ఓన్ నెగ్లిజన్స్, మునిరత్నం. మా అప్ప ఆ రోజు ఎడమ గీత బయటే నిలబడి ఉన్నాడు. చూశాడు. చూసిందంతా నిజాయితీగా రాసి, దాని కింద తీర్పు రాశాడు. అమ్మ ఈ పుస్తకం రత్నానికి ఎందుకివ్వమన్నదో నాకు అర్థమైపోయింది. అర్థమైపోయిందని ఎంత గట్టిగా అనుకున్నానంటే, ఏడుపు కూడా వచ్చింది. కొడుకు తప్పును కొడుకు చేతనే ఒప్పించాలన్న తల్లి! వాడి ముందు ఈ పుట తెరిచి, తల వంచుకుని నిలబడతాననుకున్నాను. నిలబడే తీరు కూడా రెండు మూడు రకాలుగా ఆలోచించుకున్నాను.

ఇచ్చే వస్తువు శుభ్రంగా ఉండాలి గదా. పుస్తకాన్ని వేమగల్ తెచ్చుకున్నాను. ముందున్న ఉబ్బిన పుటలు పుస్తకాన్ని మూయనివ్వడం లేదు. అక్కడక్కడా అక్షరాలు తేలుతున్నాయి, "కొయ్యలు అడిగినాను, రాలేదు", "మళ్ళా అడిగినాను, రాలేదు" అని. గని పని రాతలు, ఇప్పుడు ఎవరికి కావాలి అనుకుని వాటిని జాగ్రత్తగా చించేశాను. వెనక పుటలకు దారం కుట్టి, గోధుమరంగు అట్ట వేశాను. మా పెరట్లో ఏడు మామిడి చెట్లు. పుల్లలకు కొదవ లేదు కనక గ్యాసు గీజరున్నా నీళ్ళ హండానే వాడతాను, మా అప్ప అలవాటు. ఆ పొద్దున హండా కింద ఆ పుటలే పెట్టాను. చెమ్మకు అంటుకోవడానికి కొంచెం మొరాయించాయి. రెండు అగ్గిపుల్లలు అయినాయి.

చాంపియన్ రీఫ్స్‌లో దిగితే గని మీద ఇనుప గోపురం తుప్పుపట్టి అట్లాగే ఉంది. కింద కేజూ లేదు, గంటా లేదు. లైన్లలో సగం ఇళ్ళకు రేకులు మారాయి, సగం ఇళ్ళకు మనుషులు మారారు. అవి దాటి కోరమండల్ పోతే, రత్నం ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. సన్నబడ్డాడు. దగ్గు ముందు వచ్చింది, మాట తరువాత వచ్చింది.

"ఏమప్పా సీనా, అమ్మ పోయిందంట గదా. నేను రాలేకపోతిని. నాలుగడుగులు వేస్తే ఊపిరి నిలబడదు."

"పోనీలే రత్నం."

"ఏం చేస్తా ఉండావు ఇప్పుడు?"

"ఏం చేస్తాను. ఫ్యాక్టరీ పోయినాక నాకు మిగిలిన డ్యూటీ ఒకటే. తెల్లారి లేచి పాత కాయితాలు, పుల్లలు వేసి నీళ్ళు కాచడం," అన్నాను. నవ్వించడానికే అన్నాను. వాడు నవ్వాడు కూడా.

వాడి భార్య కాఫీ ఇచ్చింది. నేను లేచి నిలబడి, పుస్తకం తెరిచి, ఆ పుట వాడి ముందు పెట్టి, అనుకున్నవన్నీ చెప్పాను. చప్పట్లు కొట్టలేదని, అబద్ధం చెప్పానని, నీ ఉద్యోగం నేను తిన్నానని, మా అప్పకు కూడా తెలుసని, ఇదిగో రాసి ఉందని. గొంతు వణికింది. ఆ వణుకు బాగానే కుదిరిందని ఆ క్షణంలో కూడా అనుకున్నాను, అంతటివాణ్ణి నేను.

రత్నం పుటను ఒక్కసారి చూశాడు. "ఇది నాకు తెలుసు గదప్పా. నేను చూస్తినే. మీ అప్పా చూసినాడు. నేను ఆయప్ప తట్టు చూస్తే కండ్లు దించుకున్నాడు. ఇది చెప్పేదానికి ఇంత దూరం వస్తివా?" అన్నాడు. తిట్టినా బాగుండేది. వాడి వేళ్ళు పుటలను వెనక్కి తిప్పుతున్నాయి, ఇంకా వెనక్కి, ఆదివారాలన్నీ దాటి, నేను కొత్తగా వేసిన అట్ట దాకా. అక్కడ ఆగాయి. కుట్టిన దారం మీద వేలు పెట్టి తడిమాడు. "ముందరవి యాడప్పా?" అన్నాడు.

"ఏవి?"

"ముందర కాయితాలు. పనివి." భార్య వైపు తిరిగి చెయ్యి చాపాడు. ఆమె లోపలికి పోయి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో కంపెనీ కాగితం, మడతల దగ్గర చిరిగి, టేపు అంటించి ఉంది. చివర ఆ రెండు మాటలు. "మా నాయనది. మా యమ్మ సచ్చేదాకా ఒకటే మాట చెప్పినాది. ఆ పొద్దు కొయ్యలు రాలేదు, రాకున్నా పైనుంచి పొమ్మన్నారు, మా నాయన తప్పు కాదు, మేస్త్రీ అంతా పుస్తకంలో రాసిపెట్టుకున్నాడు, దొరల ముందర చెప్పేదానికి నోరు రాలేదు అని. మీ యమ్మే మా యమ్మతో చెప్పినాదంట. మీ అప్ప పోయినాక మీ యమ్మ నా చెయ్యి పట్టుకుని, ఆ పుస్తకం నీకిస్తానురా, నేను పోయినంక సీనా తెచ్చిస్తాడు అన్నది. దొరలు పోయిరి, కంపెనీ పోయె. ఇంగ ఎవరికీ చూపించేది లేదు. నేను చూడాల. అంతే. నేను ఒక్కసారి చూడాల. ముందర కాయితాలు యాడుండాయి సీనా?"

కొయ్యలు అడిగినాను, రాలేదు. మళ్ళా అడిగినాను, రాలేదు.

మా అప్ప అరుగు మీద కూర్చుని అడిగినట్టే ఉంది. జవాబు కూడా అంత త్వరగానే వచ్చింది.

"అవి నాకు దొరకలేదు రత్నం. ట్రంకులో ఇంతే ఉండె."

రత్నం నా ముఖం చూడలేదు. వాడెన్నడూ ముఖం చూసేవాడు కాదు. వాడి చూపు కొత్త అట్ట మీదనుంచి దారం మీదికి, దారం మీదనుంచి నా చేతుల మీదికి వచ్చి ఆగింది. నేను చూసుకున్నాను. రెండూ నడుము మీద ఉన్నాయి.

చాలాసేపు దగ్గాడు. దగ్గు ఆగాక కాగితాన్ని మళ్ళీ కవరులో పెట్టి భార్యకిచ్చాడు. పుస్తకాన్ని మూసి, అట్ట మీది దుమ్మును అంగీకి తుడిచి, నా తట్టు చాపాడు.

"దీన్నీ తీసుకుపోప్పా," అన్నాడు. "తెల్లారితే నీళ్ళు కాగాల గదా."

నేను రెండు చేతులా అందుకున్నాను.